నిదానమే ప్రధానం: వెబ్ పేజీ వేగానికి తిరుగులేని చిట్కాలు

కాపెల్‌లో నిలబడి సాఫ్ట్‌వేర్ గురించి సలహా చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే. డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో ఏ వీధిలో నాలుగు తలుపులు తట్టినా ఒక జావా ఆర్కిటెక్టు, ఒక డేటాబేస్ అడ్మిను, ఇద్దరు టెస్టర్లు బయటికొస్తారు. అయినా ఉగాది వేడుకకు టికెట్లు పెట్టిన శుక్రవారం సాయంత్రం మన తెలుగు సంఘం పేజీ తెరవబోయి చూడండి. డెంటన్ ట్యాప్ రోడ్డు మీద సాండీ లేక్ సిగ్నల్ రెండుసార్లు పడి వెళ్లిపోయినా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. వారమంతా బ్యాంకులకూ ఎయిర్‌లైన్లకూ మిల్లీసెకన్లు లెక్కపెట్టే మనుషులే శనివారం కూర్చుని రాసిన పేజీ అది. దీన్ని చేతకానితనం అనుకునేవాళ్లు అమాయకులు. అంత నిదానం ఊరికే రాదు, దానికి పద్ధతులున్నాయి. ఇంతవరకూ ఎవరూ వాటిని గ్రంథస్థం చేయలేదు కాబట్టి ఆ భారం నేను ఎత్తుకున్నాను.

ముందుగా ఒక తేడా చెబుతాను. పేజీ వేగం పెంచడం వేరు, పెంచామని కమిటీకి చెప్పడం వేరు. మొదటిదానికి సమయం ఎక్కడ పోతోందో తెలిసి ఉండాలి. రెండోదానికి తెలియకుండా ఉండాలి. ఈ వ్యాసం రెండోదాని గురించి.

కొలవకండి. తప్పకపోతే ఇలా కొలవండి

కొలిస్తే అంకె వస్తుంది. అంకె వచ్చాక ఎవరో ఒకరు "అంత ఎందుకు పడుతోంది అన్నా?" అంటారు. అక్కడితో మీ ఆదివారం పోయినట్టే. కనక మొదటి సలహా కొలత జోలికే వెళ్లకపోవడం. "నాకు బాగానే వస్తోందే" అన్న మూడు మాటలకు మించిన పనిముట్టు ఇంతవరకూ రాలేదు.

కోశాధికారి గారు పట్టుబడితే మాత్రం పాత పద్ధతి పట్టండి. పేజీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గడియారం చూసి తేడా తీయడం. పీహెచ్‌పీలో ఇందుకు మైక్రోటైమ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ట్రూ అని అందిస్తే సెకన్లన్నీ దశాంశాలతో సహా ఒకే సంఖ్యగా వస్తాయి. మీరు ఆ ట్రూ అందించకండి. అందించకపోతే రెండు ముక్కల స్ట్రింగ్ చేతికొస్తుంది. ముందు సెకనులో భిన్నం, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత అసలు సెకన్లు. ఇలాంటి రెండింటిని తీసివేస్తే పీహెచ్‌పీ ముందు ముక్కల్నే లెక్కలోకి తీసుకుంటుంది. 3.2 సెకన్లు పట్టిన పేజీకి 0.2 అని చూపిస్తుంది. ఒక్కోసారి మైనస్ 0.8 అని కూడా చూపిస్తుంది, అది ఇంకా మంచిది. మధ్యలో ఏవో హెచ్చరికలు వస్తాయి. హెచ్చరికలు కనబడకుండా చేసే సెట్టింగు పీహెచ్‌పీలోనే ఉంది.

పాత ఏఎస్‌పీ పేజీలు ఇంకా నడుపుతున్న పుణ్యాత్ములకు ఇంతకన్నా గొప్ప సాధనం ఉంది. వీబీస్క్రిప్ట్‌లోని టైమర్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతుంది, మళ్లీ అర్ధరాత్రి కాగానే సున్నాకి వచ్చేస్తుంది. టెక్సస్‌లో అర్ధరాత్రి అంటే వేసవిలో హైదరాబాద్‌లో ఉదయం పదిన్నర, ఆఫ్‌షోర్ టీమ్ టీ తాగి వచ్చి టెస్టింగ్ మొదలుపెట్టే వేళ. సరిగ్గా ఆ క్షణం మీదుగా నడిచిన పేజీకి దాదాపు మైనస్ 86,400 సెకన్లు పడుతుంది. అంటే అడిగిన దానికి ఒక రోజు ముందే వచ్చేసింది. ఇంతకన్నా వేగం ఎవరికి కావాలి? 2018 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7.3లో హెచ్‌ఆర్‌టైమ్ అని ఒకటి చేర్చారు. సిస్టమ్ గడియారాన్ని ఎవరు ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా దాని లెక్క మారదట. వినోదం లేని మనుషులు చేసిన పని, దాని దరిదాపులకు పోకండి.

కొలిచే చోటు కూడా ముఖ్యమే. మీ ల్యాప్‌టాప్ మీదే కొలవండి. వెబ్ సర్వరూ డేటాబేసూ రెండూ అందులోనే ఉంటాయి. పట్టికలో పది మంది సభ్యులుంటారు, వాళ్లలో నలుగురి పేరు "టెస్ట్". మొదటిసారి వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోకండి, అప్పటికి కాష్ వేడెక్కి ఉండదు. రెండోసారి, మూడోసారి రిఫ్రెష్ కొట్టి అన్నిట్లోకీ చిన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బొటనవేళ్లు వరుసగా లేస్తాయి.

పేజీ అడుగున "ఈ పేజీ 0.08 సెకన్లలో తయారైంది" అని చిన్న అక్షరాలతో అచ్చు వేయించడం మరవకండి. చూసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. అది స్క్రిప్టు నడిచిన సమయం మాత్రమేనని, స్క్రిప్టు మొదలవడానికి ముందు అభ్యర్థన వరసలో నిలబడిన సమయం గానీ, దారిలో పోయిన సమయం గానీ, బ్రౌజర్ బొమ్మలు దించుకుని అతికించుకున్న సమయం గానీ అందులో లేవని ఎవరికీ తట్టదు. హైదరాబాద్ నుంచి నాన్నగారు "మనవరాలి డాన్సు ఫొటోల పేజీ రావడం లేదురా" అంటే వైఫై ఆపి మళ్లీ వేయమనండి. డల్లాస్ నుంచి హైదరాబాద్‌కు భూమి మీద తిన్నగా కొలిచినా 14 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. ఒక్క రాకపోకకు 140 మిల్లీసెకన్లకు తగ్గే వీలే లేదు. అసలు కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి ఇంకా ఎక్కువే. కనెక్షన్ కలవడానికి ఒక రాకపోక, పాత టీఎల్‌ఎస్ 1.2 అయితే తాళాలు మార్చుకోవడానికి రెండు, పేజీ అడిగి తెచ్చుకోవడానికి ఒకటి. మొదటి అక్షరం రావడానికే అర సెకను దాటిపోయింది. ఇదంతా నాన్నగారికి చెప్పబోతే ఫోన్ అమ్మకిచ్చేస్తారు. వైఫై చాలు.

నివేదిక ఇవ్వాల్సి వస్తే ఎప్పుడూ సగటే ఇవ్వండి. నూరు మంది పేజీ తెరిచారనుకుందాం. తొంభై తొమ్మిది మందికి 0.1 సెకనులో వచ్చింది, ఒక్కరికి 30 సెకన్లు పట్టింది. సగటు 0.4 కూడా దాటదు. చార్టు పచ్చగా ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో తెలుసా? సంఘం పుట్టిననాటి జీవిత సభ్యుడు. ప్రతి వనభోజనానికీ వచ్చారు, ప్రతి నిధికీ విరాళమిచ్చారు, అవన్నీ ఆయన ఖాతాలో వరుసలు వరుసలుగా ఉన్నాయి, ఆయన పేజీ తెరిచినప్పుడల్లా అన్నిటినీ లాగాలి. నిన్న చేరి ఇంకా రుసుం కట్టని వాళ్లకు మాత్రం చిటికెలో తెరుచుకుంటుంది. "సగటు వద్దు, నూటికి తొంభై అయిదో మనిషికి ఎంత పట్టింది, తొంభై తొమ్మిదో మనిషికి ఎంత పట్టింది చెప్పండి" అని అడిగే బాపతు ఒకరిద్దరుంటారు. వాళ్లను వంటల కమిటీలో వేయండి.

ప్రమాణాలు కావాలంటే వెబ్ వాడుకను పరిశోధించిన జేకబ్ నీల్సన్ పేరు వాడండి. మనిషి ఓపికకు ఆయన మూడు హద్దులు చెప్పారు. 0.1 సెకనులోపు జవాబొస్తే నొక్కగానే జరిగినట్టుంటుంది. 1 సెకనులోపు వస్తే ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనికి పోతుంది. మూడింట్లో మనకు అనుకూలమైనది మూడోది. 9.9 సెకన్లలో వచ్చిన పేజీ అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడి ఉన్నట్టే.

చేయాల్సిన మార్పులు

ఇక వేగం పెంచే పని కనబడాలి కదా. కోడంతా వెతికి జంట కొటేషన్ గుర్తుల్ని ఒంటి గుర్తులుగా మార్చండి. ఎకో వేగమా, ప్రింట్ వేగమా అని ఒక సాయంత్రం చర్చ పెట్టండి. లూపులో కౌంట్‌ని బయటికి తీయండి. ఇలాంటి మార్పులు వందల ఫైళ్లలో పడతాయి, గిట్‌లో మీ పేరు ప్రతి వరసలో కనిపిస్తుంది, కలిసొచ్చేది మైక్రోసెకన్లు. కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లోనే ఒక లెక్క చెప్పి ఇలాంటి ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తంలో ఆ భాగం వాటా ఎంతో అంతకుమించి లాభం రాదన్నాడు. మూడు సెకన్ల పేజీలో 2.8 సెకన్లు డేటాబేస్ దగ్గరే పోతుంటే, స్క్రిప్టును సున్నా సెకన్లకు తెచ్చినా కలిసొచ్చేది 0.2. ఆయన మాట ఎవరైనా ఎత్తితే వెంటనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ నూత్ పేరెత్తండి. చిన్న చిన్న పొదుపుల కోసం తొందరపడవద్దని నూత్ 1974లో రాశారు. ఆ వెంటనే, కీలకమైన ఆ మూడు శాతం చోట మాత్రం అవకాశం వదులుకోకూడదని కూడా రాశారు. అది చదివినవాళ్లు మన కమిటీలో లేరు.

డేటాబేస్ మీద మాత్రం చెయ్యి పడనీయకండి. నిదానానికి పుట్టిల్లు అదే.

రిజిస్ట్రేషన్ జాబితా పేజీ ఉదాహరణగా తీసుకోండి. 600 కుటుంబాలు పేరు నమోదు చేసుకున్నాయనుకుందాం. పద్ధతి తెలిసినవాడు ముందు కుటుంబాలన్నిటినీ ఒక క్వెరీతో తెస్తాడు. తర్వాత లూపులో తిరుగుతూ ఒక్కో కుటుంబానికి పిల్లలెందరో ఒక్కో క్వెరీతో అడుగుతాడు. మొత్తం 601. రెండు పట్టికల్నీ కలిపి ఒకే క్వెరీతో తెచ్చే జాయిన్ అనే విద్య మనందరం అమీర్‌పేటలో నేర్చుకున్నదే, ఇంటర్వ్యూలో చెప్పిందే. ఉద్యోగం వచ్చాక దాంతో పనేముంది? డేటాబేస్ పక్కనే ఉంటే క్వెరీకి 2 మిల్లీసెకన్ల చొప్పున 1.2 సెకన్లలో అయిపోతుంది, అది చాలదు. అందుకని వెబ్ సర్వరు డల్లాస్‌లో పెట్టి, చవగ్గా వచ్చిందని డేటాబేసును వర్జీనియాలో పెట్టండి. రాకపోకకు 30 మిల్లీసెకన్లే అనుకున్నా 18 సెకన్లు. నూతన సంవత్సర శుభాకాంక్షలు చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది.

సభ్యుల్ని పేరుతో వెతికే పెట్టె తప్పకుండా పెట్టండి. వెతికే మాటకు ముందూ వెనకా శాతం గుర్తు తగిలించండి. ఇండెక్సు అక్షరక్రమంలో ఉంటుంది. మొదటి అక్షరమే తెలియనప్పుడు అది ఎందుకూ పనికిరాదు, పట్టిక మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే. ఇలా ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. మన పేర్లే అలాంటివి. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, పాస్‌పోర్టు పుణ్యమా అని రెండూ కలిపేసినవాళ్లు. ఈ గందరగోళాన్ని సభ్యత్వ సంఖ్యతో తేల్చేయవచ్చు, కానీ ఎవరి సంఖ్య ఎవరికి గుర్తుంది? ఎవరైనా "వెంకట" అని కొట్టారంటే సంఘంలో సగం మంది తెర మీదికి రావాలి. పేజీకి ఇరవై మంది చొప్పున చూపించడం మర్యాద కాదు, అందరినీ ఒకేసారి పిలవండి. తెచ్చేటప్పుడు పేరూ ఫోనూ చాలని ఊరుకోకండి, నక్షత్రం గుర్తు పెట్టి అన్ని గడులూ తెప్పించండి. బతుకమ్మ ఫొటోలు కూడా అదే పట్టికలో దాచి ఉంటే మరీ మంచిది.

మైఎస్‌క్యూఎల్‌లో నిదానపు క్వెరీల్ని రాసిపెట్టే చిట్టా ఒకటి ఉంది. మామూలుగా అది ఆపేసే ఉంటుంది. ఎవరైనా తెలిసో తెలియకో వేసినా కంగారు పడకండి, దాని లెక్కలో 10 సెకన్లు దాటితేనే నిదానం. 9 సెకన్ల క్వెరీ అందులో పడదు. ఆ 10ని 1కి తగ్గించే సెట్టింగు ఎక్కడుందో ఎవరికీ చెప్పకండి. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని రాస్తే ఏ ఇండెక్సు వాడుతోందో, ఎన్ని వరుసలు తడుముతోందో మైఎస్‌క్యూఎల్ తనే చెప్పేస్తుంది. ఇంటి గుట్టు బయటపెట్టే అలవాటది.

టికెట్ కొన్న మనిషిని ఊరికే పంపకండి. "కొనండి" నొక్కగానే ఆ పేజీలోనే పీడీఎఫ్ తయారుచేయండి, క్యూఆర్ కోడు గీయండి, ఈమెయిలు సర్వరును పిలిచి అది పలికేదాకా ఆగండి, ఫోన్‌కు సందేశం పంపండి, ఆపైన అధ్యక్షుల వారికి ఒక ప్రతి. ఇవన్నీ అయ్యాకే "ధన్యవాదాలు" అని చూపించండి. ముందు ధన్యవాదాలు చెప్పి ఈ పనుల్ని ఒక వరసలో వేసి వెనక నిదానంగా చేయించవచ్చంటారు కొందరు. అప్పుడు మనం ఇంత పని చేశామని కొన్నవాడికెలా తెలుస్తుంది?

సెషన్ల సంగతి చాలామందికి తెలియదు కనక ఇక్కడ కొంచెం ఆగుతాను. పీహెచ్‌పీ సెషన్ మామూలుగా ఒక ఫైల్లో ఉంటుంది. ఒక పేజీ దాన్ని తెరిస్తే తన పని అయ్యేదాకా తాళం వేసుకుంటుంది. అదే మనిషి వేరే ట్యాబులో ఇంకో పేజీ అడిగితే తాళం తీసేదాకా ఆగాల్సిందే. వదిన గారు ఒక ట్యాబులో భోజనం టికెట్లు, ఒకదాంట్లో పాప కూచిపూడి నమోదు, ఇంకోదాంట్లో ముగ్గుల పోటీ తెరుస్తారు. మూడూ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. సర్వరు ఖాళీగా ఉంటుంది, ప్రాసెసర్ గీత నేల మీద పడుకుని ఉంటుంది, పేజీ మాత్రం రాదు. సెషన్లో రాయాల్సింది రాసేసి వెంటనే మూసేయడానికి ఒకే ఒక్క వరస చాలు. ఆ వరస రాయనంతకాలం కారణం ఎవరికీ దొరకదు. ఇన్నేళ్లలో నేను చూసిన నిదానాల్లో ఇంత నిశ్శబ్దంగా పనిచేసేది మరొకటి లేదు.

ఓపీకాష్ ఆపేయండి. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 నుంచి దాన్ని పీహెచ్‌పీతో పాటే ఇస్తున్నారు, కంపైల్ చేసిన స్క్రిప్టును జ్ఞాపకం పెట్టుకుని మళ్లీ మళ్లీ కష్టపడకుండా చూస్తుంది. కోడు మార్చిన వెంటనే మార్పు కనబడలేదని ఎప్పుడో ఒకరోజు విసుగొచ్చి ఆపేసి ఉంటారు, అలాగే వదిలేయండి. తప్పులు వెతకడానికి వాడే ఎక్స్‌డీబగ్ మాత్రం ప్రొడక్షన్లో ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7కి మారిన చాలా సైట్లకు ఒక్క వరస మార్చకుండానే స్క్రిప్టు సమయం సగానికి దగ్గర పడింది. అలాంటి అయాచిత లాభాలు ఆత్మగౌరవానికి భంగం. 5.6 మీదే ఉండండి. 2018 డిసెంబరుతో దానికి భద్రతా సవరణలు కూడా ఆగిపోయాయి కనక ఇక అప్‌డేట్ల గోలే ఉండదు.

కాష్ పెట్టక తప్పకపోతే అన్నిటికీ పెట్టండి, లాగిన్ అయిన పేజీలతో సహా. 2015 క్రిస్మస్ నాడు స్టీమ్ ఆటల దుకాణంలో కాష్ అమరికలో జరిగిన పొరపాటు వల్ల ఒకరి ఖాతా పేజీలు ఇంకొకరికి కనిపించాయి. మన సంఘంలో ఎవరి వివరాలు ఎవరికి తెలియవు గనక!

రద్దీ నాడు

పరీక్ష పేరుతో ముందే వందల మంది వచ్చినట్టు నటింపజేసే ఉపకరణాలున్నాయి. అపాచీ సర్వరుతో పాటే ఏబీ అని ఒకటి వస్తుంది. వాడకండి, శకునం బాగుండదు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచింది. లక్షల మంది వచ్చిన ఆ మొదటి రోజు పని పూర్తిచేసుకుని బయటపడినవాళ్లు ఆరుగురని తర్వాత బయటికొచ్చిన పత్రాల్లో తేలింది. ప్రభుత్వమే అలా ఉంటే మనమెంత అని ఆ ఏడాది వనభోజనానికి చెప్పుకున్నాం, ఇప్పటికీ చెప్పుకోవచ్చు. మన జనానికి అలవాటు కూడా ఉంది. ఇంటర్ ఫలితాల రోజున గుండ్రం చూస్తూ పెరిగినవాళ్లం. తిరుమల 300 రూపాయల దర్శనం కోటా అక్కడ ఉదయం 10 గంటలకు విడుదలైతే ఇక్కడ వేసవిలో ముందు రోజు రాత్రి 11:30. అమ్మానాన్నల ఆధార్ సంఖ్యలు పక్కన పెట్టుకుని కాపెల్‌లో మేలుకుని కూర్చునేవాళ్లను అడగండి, ఓపిక అంటే ఏమిటో చెబుతారు.

టికెట్లు ఎప్పుడు తెరవాలో కూడా శాస్త్రం ఉంది. శుక్రవారం రాత్రి 8 గంటలకు, అర్వింగ్, వ్యాలీ రాంచ్, ఫ్రిస్కో, ప్లేనో వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకే నిమిషంలో లింకు పెట్టండి. "మొదటి వంద మందికే రాయితీ" అన్న ముక్క మరవకండి.

అప్పటికీ పేజీ రాకపోతే పెద్ద సర్వరు కొనండి. 601 క్వెరీలు పెద్ద సర్వరులో కూడా 601 క్వెరీలే, కానీ రసీదు పెద్దదిగా ఉంటుంది, కమిటీకి పని జరిగినట్టు ఉంటుంది. డల్లాస్ చుట్టుపక్కల డేటా సెంటర్లకు కొదవ లేదు. మనకు తూర్పున పోయే ఐ-35ఈ పట్టుకుని దక్షిణంగా వెళితే స్టెమన్స్ ఫ్రీవే మీద ఇన్ఫోమార్ట్ కనిపిస్తుంది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పోలికతో 1985లో కట్టిన తెల్లటి గాజు మేడ. టెక్నాలజీ కంపెనీలు సరుకు ప్రదర్శించుకోవడానికని కట్టారు, ఇప్పుడు లోపలంతా సర్వర్లూ కేబుళ్లే. 2018లో ఈక్వినిక్స్ సంస్థ కొనుక్కుంది. మన పేజీ ఆ మేడలోనే ఉందని చెప్పండి. అంత అందమైన భవనంలో ఉన్న పేజీ నిదానంగా ఉందంటే ఎవరూ నమ్మరు.

ఇవన్నీ పాటించినా ఎవరో ఒక కుర్రాడు, కాపెల్ హైస్కూల్లో చదివే మన పిల్లవాడే, ఎండాకాలం సెలవుల్లో వచ్చి పట్టికకు ఒక ఇండెక్సు చేర్చి, లూపులో క్వెరీ తీసేసి, పేజీని పావు సెకనుకు తెచ్చేస్తానంటాడు. చెయ్యనివ్వకండి. చేసేశాడంటే మాత్రం ఆ ముక్క ప్రెసెంటేషన్లో మన పేరు మీద వేసుకుందాం.

చివరిగా సభ్యులందరికీ మనవి. ఈసారి ఉగాది టికెట్ల పేజీ తెరుచుకోకపోతే కమిటీకి ఫోన్లు చేయకండి. రిఫ్రెష్ నొక్కండి. అందరూ నొక్కండి. వీలైతే ఒకేసారి నొక్కండి.